సి షిఫ్టు వారంలో నవ్వు

సి షిఫ్టు వారం వచ్చిందంటే మా ఇంట్లో పప్పు గిన్నెలో ఉడకాల్సిందే. కుక్కరు పెడితే విజిల్ వస్తుంది. మిక్సీ వెయ్యడానికి లేదు కాబట్టి పచ్చడి ఉండదు. కుట్టుమిషను తొక్కడానికి లేదు, చీరల ఫాల్సు చేత్తో కుట్టుకోవాలి. బట్టలు బండకేసి బాదడానికి లేదు, బకెట్లో పిసుక్కోవాలి. రాత్రంతా ప్లాంటులో నిలబడి పొద్దున్నే వచ్చి పడుకునే మనిషికి నిద్ర కావాలి కదా. కావాలి, కాదని నేనెప్పుడూ అనలేదు. మా ఆయన గౌరీశంకర్ కాంట్రాక్టు కింద పని చేస్తాడు. నిద్ర చాలక అక్కడ చెయ్యి జారితే ఏమవుతుందో నాకూ తెలుసు. నా కోపం ఆ నిద్ర మీద కాదు. ఏ షిఫ్టు వచ్చినా దానికి తగ్గట్టు మారాల్సింది నా పనీ నా నిద్రా మాత్రమే ఎందుకవుతాయని నా కోపం. ఆయన మూడు షిఫ్టులు మారతాడు, నేను మూడు షిఫ్టులూ చేస్తాను. దానికి హాజరు వేసేవాళ్ళు ఎవరూ లేరు.

టెక్కలి నుంచి రాష్ట్రం దాటి ఈ ప్లాంటు ఊళ్ళో గోల్‌మురిలోని ఈ రెండు గదుల ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో, మా అత్త నూకాలమ్మ నాకు నేర్పిన మొదటి విద్య చప్పుడు లేకుండా పని చెయ్యడం. "గరిటి గిన్నికి తగలకూడదే. ఆడు పడుకున్నంతసేపూ ఇంట్లో ఆడమనిసుందని తెలీకూడదు" అనేది. మా మావగారు అసిరయ్య బతికున్న రోజుల్లో ఆవిడా అలాగే చేసిందట. ఒకసారి నా గాజుల చప్పుడుకి గౌరీశంకర్ అటు నుంచి ఇటు దొర్లాడు. మర్నాడు అత్త నా గాజులన్నీ మోచేతి దాకా ఎగదోసి పాత రవికె గుడ్డతో కట్టేసింది. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వు కూడా చప్పుడే కదా, మింగేశాను. ఇంట్లో ఆడమనిషి ఉన్నట్టు తెలియకూడదు, లేచేసరికి భోజనం ఉన్నట్టు మాత్రం తెలియాలి. ఇన్నేళ్ళూ ఆ రెండింటి మధ్యే బతుకుతున్నాను.

అలాంటి ఇంట్లోకి ఒక నవల వచ్చింది. అట్టా కాగితాలూ ఉన్న పుస్తకంగా వస్తే ఎప్పుడో అటకెక్కేది. డిగ్రీలో నా పక్కన కూర్చునే హిమబిందు ఇప్పుడు విశాఖపట్నంలో ఉంటోంది. "ఒక ఆడియో పుస్తకం పంపుతున్నాను. నేను మొదలుపెట్టి వదిలేశాను, దానికి తలా తోకా లేదు. నీకు నచ్చుతుందేమో చూడు" అని లింకు పంపింది. తలా తోకా లేనిది నాకు నచ్చుతుందని దానికెందుకు అనిపించిందో! మా అమ్మాయి యోగిత నా ఫోన్లో ఆ యాప్ వేసి, తన పాత ఇయర్‌ఫోన్ ఇచ్చింది. "సున్ లో మమ్మీ, ఆవాజ్ బాహర్ నహీ ఆయేగీ" అంది, చప్పుడు బయటికి రాదని. మా యోగిత తెలుగు వింటుంది, హిందీలో జవాబిస్తుంది. ఈ ఊళ్ళో వీధి హిందీ, సాక్చి బజారు హిందీ, ప్లాంటు హిందీ. ఇంట్లో తెలుగుంది గానీ, అందులో నాతో ఆడే మాటలు తక్కువ, నాకు చెప్పే పనులు ఎక్కువ. ఇన్నేళ్ళకి ఒక గొంతు ఏ పనీ చెప్పకుండా నాతో తెలుగులో మాట్లాడింది.

నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ ఏమీ అర్థం కాలేదు. అదొక ఊరు. ఖజానా ఖాళీ అయిందని మునిసిపాలిటీ వాళ్ళు మంగళవారాన్ని రద్దు చేస్తారు. మంగళవారం పుట్టినవాళ్ళు పుట్టనట్టే లెక్క. వాళ్ళలో ఒకడు తను పుట్టిన రోజుని వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత ఒకటో అధ్యాయం పక్కన నాలుగోది వస్తుంది. మధ్యలో కథ చెప్పేవాడు కథ ఆపేసి, రాసినవాడు తనకి జీతం ఇవ్వడం లేదని మన దగ్గర వాపోతాడు. రాసినవాడు వచ్చి వాడి మాటలు నమ్మొద్దంటాడు. కిందటి అధ్యాయంలో చచ్చిపోయిన మేయరు ఈ అధ్యాయంలో తన సంతాప సభకి తనే అధ్యక్షత వహిస్తాడు. పప్పు కలియబెడుతూ వింటుంటే తల తిరిగిపోయేది. వెనక్కి జరిపి మళ్ళీ వినేదాన్ని. ఒక చెవికే పెట్టుకునేదాన్ని, రెండోది అత్త పిలుపుకీ పాలు పొంగే చప్పుడుకీ వదలాలి కదా. అర్థం కాకపోవడం కూడా హాయిగా ఉండేదంటే ఎవరైనా నమ్ముతారా? మా ఇంట్లో నాకు అర్థం కానిదంటూ లేదు. ఎవరికెంత ఉప్పు కావాలో, ఎవరు ఏ మాటకి మొహం ముడుచుకుంటారో అన్నీ నోటికొచ్చు. ఏమీ తెలియని చోట నిలబడి ఎంత కాలమైందో! ఆ ఊళ్ళో నేను ఎన్నిసార్లు దారి తప్పినా నన్ను తిట్టినవాళ్ళు లేరు.

ఆ రోజు పొద్దున్న వంకాయలు తరుగుతున్నాను. గౌరీశంకర్ లోపలి గదిలో పడుకున్నాడు, అత్త వాకిట్లో బియ్యం ఏరుతోంది. నా చెవిలో రద్దయిన మంగళవారం నడుస్తోంది. లేని రోజున పని చెయ్యడం నేరమని మునిసిపాలిటీ దండోరా వేయించింది. ఆఫీసులు లేవు, కోర్టులు లేవు, రైళ్ళు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. మగవాళ్ళందరూ అరుగుల మీద కూర్చుని లేని రోజు గురించి చర్చిస్తున్నారు. మధ్యాహ్నానికి అందరి కంచాల్లోకీ అన్నం వచ్చింది. తిని చెయ్యి కడుక్కున్నాక ఒకాయనకి అనుమానం వచ్చింది, లేని రోజున అన్నం ఎలా వచ్చిందని. వెంటనే పదకొండుమంది పెద్దమనుషులతో విచారణ సంఘం వేశారు. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. పొయ్యిలు వెచ్చగా ఉన్నాయి, గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి, వంటిళ్ళలో ఎవరూ కనబడలేదు అని రాసుకున్నారు. చివరికి అన్నం స్వయంభువని, దానంతటదే వెలసిందని తేల్చి, సంతకాలు పెట్టి, మజ్జిగ అడిగారు.

ఆ మజ్జిగ దగ్గర నేను నవ్వాను. నవ్వానంటే చాలదు, కత్తిపీట పక్కకి తోసి కడుపు పట్టుకుని పగలబడి నవ్వాను. ఆ పదకొండుమందీ నాకు తెలుసు. వాళ్ళలో కొందరికి నేను వడ్డించాను కూడా. ఆపుకోబోతే ఇంకా తెరలు తెరలుగా వచ్చింది. నా నవ్వు అంత పెద్దదని నాకే తెలియదు. అది సి షిఫ్టు వారమన్న సంగతి గుర్తే రాలేదు.

కళ్ళు తుడుచుకుని చూసేసరికి గుమ్మంలో గౌరీశంకర్ ఉన్నాడు. నిద్ర చాలక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎవుల్తో నవ్వుతన్నావే?" అన్నాడు.

ఏమైందని అడగలేదు, ఎందుకని అడగలేదు. ఎవరితో అని అడిగాడు. ఆడది నవ్విందంటే రెండో మనిషి ఉండి తీరాలి. నేను నోరు తెరిచేలోగా నా చెవిలోంచి ఇయర్‌ఫోన్ లాక్కుని తన చెవిలో పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆ కథ చెప్పేవాడు కథ ఆపి, వింటున్నవాళ్ళతో ముచ్చట మొదలుపెట్టాడు. వాడికది అలవాటు. తర్వాత యోగిత అందరికీ వినిపించింది కాబట్టి వాడేమన్నాడో నాకు తెలుసు. "నవ్వావు కదూ? నీ నవ్వు నాకు తెలుసు. భయపడకు, ఎవరికీ చెప్పను. ఈ లోకంలో నా మాట వినేది నువ్వొక్కరివే. నువ్వు వినడం మానేస్తే నేనుండను." మగగొంతు, అదీ గుసగుసగా.

గౌరీశంకర్ మొహంలో నిద్ర ఎగిరిపోయింది. "ఎవుడ్రా నువ్వు?" అని ఫోన్లోకి అరిచాడు. వాడు జవాబు చెప్పకుండా తన ధోరణిలో తను చెప్పుకుపోతున్నాడు. "మాటాడ్రా! నా పెళ్ళాంతో మాటాడతావు, నాతో మాటాడవా?" అని ఇంకా గట్టిగా అరిచాడు. పుస్తకంతో పోట్లాడుతున్న మొగుణ్ణి చూసి నాకు మళ్ళీ నవ్వొచ్చింది. ఆ రెండో నవ్వే నా కొంప ముంచింది.

"అది పుస్తకమండీ. చదివి వినిపిస్తారు" అన్నాను.

"కితాబు నీతో మాటాడుద్దేటి?"

ఏం చెప్పను? అది నిజంగానే నాతో మాట్లాడుతుంది.

అత్త బియ్యం చాట వదిలేసి లోపలికొచ్చింది. "నాలుగు దినాలబట్టీ సూత్తన్నాను నాయినా. ఒక్కర్తీ పెదాలు కదుపుతాది, తలూపుతాది. గాలేటైనా సోకిందేమో అనుకున్నాను" అంది. గాలి సోకిందా, మగాడు తగులుకున్నాడా, ఇక వాళ్ళ చర్చంతా అదే. మూడో సంగతి ఒకటి ఉండొచ్చని ఇద్దరికీ తోచలేదు. గౌరీశంకర్ భుయ్యాడీహ్‌లో ఉన్న వాళ్ళ అప్పకి, అంటే అక్కకి, ఫోన్ చేశాడు. మా వదిన బంగారమ్మ ఆటో ఎక్కి వచ్చేసింది. కాళ్ళు కడుక్కుని, నా మొహం చూడకుండా మంచం మీద కూర్చుంది.

అప్పటికి భోజనాల వేళయింది. నేరం నాదే అయినా వడ్డన కూడా నాదే. ఆ వంకాయలే కూర చేశాను. ముగ్గురూ తిన్నారు. కూరలో కారం తక్కువైందని వదిన గోడకి చెప్పింది. చివర్లో గౌరీశంకర్ గ్లాసు ముందుకి జరిపి "మజ్జిగ" అన్నాడు. నేను నవ్వు రాకుండా పళ్ళు బిగించి పోశాను. నేను ఎంగిలి కంచాలు తీసి, గిన్నెలు తోమి వచ్చాక విచారణ మొదలైంది.

యోగిత కాలేజీ నుంచి వచ్చేసరికి నేను గోడవారన నిలబడి ఉన్నాను. సంగతి విని అది ఫోన్ తీసుకుంది. "అరే పాపా, యే కితాబ్ హై! దేఖో, ఫోటో భీ హై. యే ఆద్మీ సబ్‌కో యహీ బోల్తా హై" అని, ఇది పుస్తకమే, వీడు అందరితోనూ ఇదే మాట అంటాడని చెప్పి అట్ట బొమ్మ చూపించింది, వెనక్కి జరిపి ఆ ముక్క అందరికీ వినిపించింది. వాడు అక్షరం మార్చకుండా మళ్ళీ అదే అన్నాడు. దాంతో అయిపోవాలి. గౌరీశంకర్‌కి నిజం తెలిసిపోయింది. తెలిసిందని నాకూ తెలుసు, అతని చెవులు ఎర్రబడ్డాయి. కానీ అప్ప వచ్చి కూర్చుంది, పక్కింటివాళ్ళ తలుపు తెరిచే ఉంది. పుస్తకంతో పోట్లాడాడని తేలితే మొహం ఎక్కడ పెట్టుకుంటాడు?

"కితాబైతే కథుంటాది గదా" అంది వదిన. "కథేటో సెప్పు మరదలా, మేవూ ఇంటాం."

న్యాయమైన పరీక్షే. ఏ మామూలు కథైనా ఆ రోజు నన్ను ఒడ్డెక్కించేది. ఇద్దరు ప్రేమించుకుని, ఒకడు అడ్డుపడితే చాలు, చెప్పేదాన్ని. నాకు దొరికిందేమో చెప్పడానికి లొంగనిది.

"ఒక ఊళ్ళో మంగళవారం తీసేస్తారు వదినా" అన్నాను.

"మంగళారం తీసీడమేటి? సోమారం తరవాత బుధారమా?"

"అవును."

"మరి అమ్మోరి మొక్కులో?" అంది అత్త కంగారుగా.

"ముందు ఈరో ఎవుడో అడగమ్మా" అంది వదిన.

"మంగళవారం పుట్టినతను. కానీ ఇప్పుడు అతను పుట్టనట్టే. ప్రస్తుతానికి అతన్ని వదిలేసి, కథ చెప్పేవాడూ రాసినవాడూ పోట్లాడుకుంటున్నారు."

"ఆకరికి ఏటవుద్ది?"

"తెలీదు. ఆఖరిది మొదట్లోనే చెప్పేశాడు గానీ, అది అబద్ధమని మళ్ళీ తనే అన్నాడు."

వదిన తమ్ముడి వైపు చూసింది. నా మాటలు నా చెవికే అబద్ధాల్లా ఉన్నాయి. తప్పు చేసినదాని గొంతులాగే నా గొంతూ వణికింది, దాని మీద నాకు భలే ఒళ్ళు మండింది.

"మరి నవ్వెందుకొచ్చింది?" అన్నాడు గౌరీశంకర్.

సరే, అదీ చెప్పాను. దండోరా, అరుగులు, కంచాల్లోకి వచ్చిన అన్నం, పదకొండుమంది, వెచ్చటి పొయ్యిలు, వంటింట్లో ఎవరూ కనబడకపోవడం, స్వయంభువు, మజ్జిగ. ఎవరూ నవ్వలేదు. "ఇందల నవ్వేటుంది?" అన్నాడు గౌరీశంకర్. అత్త మాత్రం తలెత్తి, "మరి వొండినోలెవులే?" అంది.

ఎగతాళిగా అనలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నాకు ఆవిడ రెండు చేతులూ పట్టుకోవాలనిపించింది. అదే అత్తా, అతను రాసిందంతా ఆ ఒక్క మాట మనచేత అడిగించడానికే అని చెప్పాలనిపించింది. గిన్నెకి గరిటె తగలకుండా ఒక జీవితమంతా వండిన మనిషి ఆవిడ. ఇంకొక్క నిమిషం ఎవరూ మాట్లాడకపోతే మేమిద్దరం ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళమే.

"ఎవులైతే ఏటమ్మా" అన్నాడు గౌరీశంకర్ విసుగ్గా. "ఆడోలే వొండుంటారు."

అత్త మళ్ళీ తల దించుకుంది.

"ఈ గోలంతా దేనికి?" అంది వదిన. "అమ్మోరి ముందు కర్పూరం ఆర్పీమను. ఎవులి మనసులోనూ ఏటీ ఉండదు."

అది మావాళ్ళలో పాత ఆచారం. శ్రీకాకుళం వైపు నుంచి పనికని ఈ ఊరొచ్చి ఒకే బస్తీలో ఉన్నవాళ్ళు, పోలీసుల దాకా పోకుండా తగువులు ఇలాగే తేల్చుకునేవాళ్ళట. అమ్మవారి పటం ముందు పళ్ళెంలో కర్పూరం వెలిగించి, ఒట్టు వేసి, అరచెయ్యి మంట మీద పెట్టి ఆర్పాలి. ఆర్పితే నిర్దోషి, ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. మగాళ్ళు దొంగతనాలకీ తాగిన తగాదాలకీ ఆర్పేవాళ్ళు. ఆడవాళ్ళకి ఒకటే నేరం, దానికే ఆర్పేవాళ్ళు.

గౌరీశంకర్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. మంచిగానే మాట్లాడాడు, లేనిపోనిది ఎందుకు చెప్పాలి. "నాకు తెలుసులేవే, అది కితాబే. అప్ప ఇంత దూరం వచ్చింది, అమ్మ మనసు కోసం సేసీ. ఒక్క మినిట్ పని, ఖతం. రేపట్నుంచి స్పీకర్లో పెట్టుకుని ఇను, అందరం ఇంటాం. నానేటైనా వద్దన్నానా?"

చెయ్యడానికి నేను కదిలాను కూడా. వెయ్యబోయేది నిజమైన ఒట్టే. అరచెయ్యి కాలడం కూడా ఒక లెక్కా, రోజూ పెనం దగ్గర అంతకంటే ఎక్కువే కాలుతుంది. అత్త కర్పూరం వెలిగించింది. చెయ్యి చాచాను, వేడి తగిలింది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చి చెయ్యి ఆగిపోయింది. ఇది ఆర్పితే నేను గెలిచేదేమిటి? నా నవ్వుకి లెక్క చెప్పుకోవలసినదాన్నని ఒప్పుకోవడమే కదా? ఈ రోజు నవ్వుకి కర్పూరం. రేపు ఏడిస్తే? ఎల్లుండి ఊరికే కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడితే? పైగా ఇతనికి తెలుసు. తెలియనివాడు అనుమానపడితే జాలిపడతాం. ఇతను తెలిసి, తన పరువు నిలబడడానికి నా చెయ్యి మంట మీద పెట్టమంటున్నాడు. ఆ తర్వాత స్పీకర్లో పెట్టుకుని వినమంటున్నాడు. ఈ రెండు గదుల్లో ఎవరికీ వినబడకుండా నాకొక్కదానికే జరిగే సంగతి ఒకటి ఉండాలని నాకెంత ఆకలో, ఆ మాట విన్నాకే నాకు తెలిసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"చెయ్యను" అన్నాను.

"ఏటీ?"

"ఒట్టు వెయ్యను. చెప్పాల్సింది చెప్పేశాను."

"మమ్మీ, కర్ దో నా" అంది యోగిత భయంగా, చేసెయ్యమని. దాని మొహం చూస్తే నా పట్టుదల సగం కరిగిపోయింది. మళ్ళీ దాని మొహం చూసే, అది చూస్తుండగా ఆ పని చెయ్యకూడదనుకున్నాను.

వదిన లేచి నిలబడింది. "ఒట్టెయ్యనేదంటే తప్పున్నట్టే గదే ఈస్సరీ. బస్తీలో ఎవులైనా అదే అంటారు. రేపు నీ పిల్లకి సమ్మందాలొచ్చినా అదే అంటారు. ఆలోసించుకో."

ఆలోచించుకున్నాను. భుయ్యాడీహ్ నుంచి గోల్‌మురి దాకా ఆ మాట ఎంత తొందరగా నడుస్తుందో నాకు తెలుసు. పేరంటాల్లో నా పక్కన ఎవరు కూర్చోరో, ఫాల్సుకి చీరలిచ్చేవాళ్ళలో ఎవరు ఇవ్వడం మానేస్తారో కూడా తెలుసు. భయం వేసింది.

"అలాగే అనుకోండి వదినా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనుమానం. ఈ ఇంట్లో ఎవరు నా గురించి ఏమనుకుంటున్నారో కనిపెట్టి, అది పాడవకుండా చూసుకోవడమే ఇన్నేళ్ళూ నా అన్ని పనుల్లోకీ పెద్ద పని. అది ఆ పూట మానేశాను. గౌరీశంకర్ తిట్టలేదు, చెయ్యెత్తలేదు. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది. కర్పూరం ఎవరూ ఆర్పకుండానే అయిపోయింది. "రేపు మీ అన్నకి కబురెడతాను" అని గొణిగి లోపలికెళ్ళి పడుకున్నాడు. వదిన చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అత్త పళ్ళెం కడిగి పెట్టి, మళ్ళీ బియ్యం చాట ముందు కూర్చుంది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరుతోంది.

నేను ఇయర్‌ఫోన్ తీసుకుని వెనక మెట్టు మీద కూర్చున్నాను. మంగళవారం పుట్టినవాడు ఏదో గుమ్మం దగ్గర నిలబడి ఎవరితోనో వాదిస్తున్నాడు. నాకొక్క ముక్క అర్థం కాలేదు. అన్నయ్య వస్తే ఏం చెప్పాలో తెలియదు, యోగితకి ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు. వెనక్కి జరిపి ఆ అధ్యాయం మొదటి నుంచి పెట్టాను.

"ఈస్సరీ, టీ" అని లోపల్నుంచి గౌరీశంకర్ పిలిచాడు.

వినబడింది. నేను లేవలేదు. అధ్యాయం ఇంకా చాలా ఉంది.